ఆటోక్లేవ్ పక్కన

నా కొలువు చంపడం.
రాజేంద్రనగర్ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా
ఆటోక్లేవ్ మూత బిగించి
నూట ఇరవై ఒక్క డిగ్రీలు, పావుగంట,
గాజు సీసాల్లో, దూది బిరడాల్లో
కంటికి ఆనని ప్రతి ఊపిరినీ ఉడికించి
ఖాళీ పళ్లాలు బల్ల మీద పేరుస్తాను.
"ఎవరూ లేని ఇల్లు కావాలి.
అప్పుడే మనం పిలిచినవాళ్లు వచ్చారో లేదో తెలిసేది"
అంటుంది తస్నీమ్ మేడమ్, స్పిరిట్ దీపం ముట్టిస్తూ.

ఒక జూన్‌లో షాబాద్ అవతలి నుంచి బక్కన్న వచ్చాడు,
చీరల దుకాణం కవరు నిండా మన్నుతో.
"యూరియా ఏస్తే లేస్తది, ఆపితే పంటది మేడం.
తాగుడు మరిగినోని లెక్కయింది నా చెలక."

మేడమ్ మన్ను వాసన చూసింది.
"గట్టు మీద ఏం మొలుస్తుంది?"
"ఏం మొలుస్తది, వెంపలి.
పీకి పీకి చేతులు బొబ్బలెక్కినయి."
"ఈసారి ఒకటి నాకోసం పీకు.
తెంపకు. వేరు చెడకుండా, మన్నుతో సహా."

మంగళవారం ఆరాంఘర్‌లో బస్సు దిగాడు.
తడి తువ్వాల్లో వెంపలి మొక్క,
చంటిపిల్లను ఎత్తుకున్నట్టు.
కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడని ఒకటే నవ్వు.

వేర్లకు ఆవగింజలంత బుడిపెలు.
కడిగి, చిదిమి, తీగతో గీత గీసింది మేడమ్
ఎర్ర రంగు కలిపిన పళ్లెం మీద.
నాలుగో రోజుకి
రంగు తాగకుండా తెల్లగా మిగిలినవి కొన్ని,
గంజి చుక్కల్లా మెరుస్తూ.
"ఇవే" అంది.
నేను రోజూ ఉడికించేవాళ్ల ముఖం
అప్పుడు చూశాను మొదటిసారి.

ఆ ఏడు పని జరగలేదు.
బొగ్గుపొడిలో కలిపిచ్చిన పాకెట్‌ను బక్కన్న
దేవుడి పటం పక్కన, కిటికీలో పెట్టాడు భక్తిగా.
పొద్దంతా ఎండ.
ఎండ తగిలిన పాకెట్టంటే
మూత లేని నా ఆటోక్లేవే.
కంది వేర్లకు బుడిపెలు వచ్చాయి గానీ
గోరుతో గిల్లితే లోపల పాలిపోయిన తెలుపు.
అతను ఏమీ అనలేదు.
గేటు దగ్గర చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు కబురు పెట్టకుండానే వచ్చాడు.
ఈసారి పాకెట్ నీళ్లకుండ కింది ఇసుకలో దాచాడట.
బెల్లం నీళ్లు కాచి, చల్లారేదాకా
పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊదాడట.
విత్తనాలకు పట్టించి, గోనెపట్టా మీద నీడన ఆరబెట్టి
కోళ్లు రాకుండా కట్టె పట్టుకుని కాపలా.
"గట్టు మీదియే కదక్కా,
నా ఇంటోళ్లనే నేను టికెట్ పెట్టి తెచ్చుకున్న"
అన్నాడు నాతో, మేడమ్ వినకుండా.

భాద్రపదంలో తెచ్చిన మొక్కను
నా అరచేతిలోనే పెట్టాడు.
"నువ్వే గిల్లు."
గిల్లాను.
ఎరుపు.
కోసిన వేలిలో మెదిలే ఎరుపు.
చెట్టుకు నెత్తురుంటుందని నాకెవరూ చెప్పలేదు.

"పది సాళ్లలో ఆరింటికే" అన్నాడు.
"కడమ నాలుగు ఎప్పటి మాదిరే."
మేడమ్ రిజిస్టర్‌లో ఆరు అనే రాసింది.
యూరియా ఎన్ని బస్తాలు తగ్గిందో అడిగి
అదీ రాసింది. ఒకటిన్నర.

సాయంత్రం పని ముగిసింది.
ఫ్లాస్కు అడుగున రెండు గుక్కల తెల్లటి నీళ్లు మిగిలాయి.
మిగిలినదాన్ని ఉడికించి పారబోయడం నియమం.
మూత దాకా తీసుకెళ్లాను,
చెయ్యి ఆగింది.

అత్తాపూర్‌లో, పిల్లర్ నంబరు చెప్తేనే ఇల్లు దొరికే చోట,
ఫ్లైఓవర్ కింద సిమెంటు దుమ్ములో
ఎవరూ నాటని వెంపలి ఒకటుంది.
ఆటోలు హారన్ కొడుతుంటే
దాని మొదట్లో సీసా వంచాను.
ఎవరో అడిగారు, "మందా?"
"కాదు, చుట్టాలు" అన్నాను.

రిజిస్టర్‌లో మాత్రం
"నాశనం చేయడమైనది" అని రాసి
తేదీ వేసి
సంతకం పెట్టాను.